తట్టి చూసే సర్దార్ తోమాసు

సర్దార్ తోమాసు తట్టి చూడకుండా ఈ లోకంలో దేన్నీ నమ్మలేదు. మంచమైనా, మట్టికుండైనా, మనిషి ఇచ్చిన మాటైనా సరే, ముందు ఓ దెబ్బ పడాలి, తల పక్కకు వంచి వినాలి, కనుబొమ్మలు ముడవాలి, ఆ తర్వాతే సంగతి. చేతిలో ఎప్పుడూ ఓ టేకు కర్ర ఉండేది. దాని కొనకు ఇనుప పొన్ను. బెల్లంపల్లి కంపెనీ క్వార్టర్లలో ఆ కర్ర తగలని తలుపు లేదు.

ఈ జబ్బు పుట్టుకతో వచ్చింది కాదు, ఉద్యోగంతో వచ్చింది. బొగ్గుబాయిలో షిఫ్టు కూలీలు దిగకముందే పోయి, పనిచోటి కప్పును కర్రతో తట్టి వినడం సర్దార్ పని. ఖంగుమంటే బండ గట్టిది. డబ్‌మంటే లోపల డొల్ల, ఎప్పుడు నెత్తిన పడుతుందో తెలియదు. ఇరవై రెండేళ్లు అదే పని చేశాడు. పైకి వచ్చాక కర్రను పక్కన పెట్టమని ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే, చెప్పినవాడి మీద కూడా అనుమానపడేవాడు.

ఒకసారి చర్చిలో కొత్త ప్రసంగ వేదిక కట్టారు. ప్రతిష్ఠ రోజున అయ్యగారు ప్రార్థనకు కళ్లు మూయమన్నారు. అందరూ మూశారు, తోమాసు తప్ప. రెండు నిమిషాలకు టక్, టక్ మని చప్పుడు. అయ్యగారు కళ్లు తెరిచేసరికి తోమాసు వేదిక పక్కన మోకాళ్ల మీద ఉన్నాడు. మోకాళ్ల మీద ఉన్నది ప్రార్థనకు కాదు.

"తోమాసూ! ఇది దేవుని మందిరమయ్యా!"

"దేవునిదే అయ్యగారూ, నేను కాదంటనా? కట్టింది మాత్రం గుత్తేదారు గద!"

ఆ రోజు అయ్యగారు వేదిక మీద మునివేళ్ల మీదే నిలబడి, పది నిమిషాల్లో ప్రసంగం ముగించారు. సంఘమంతా తోమాసుకు మనసులోనే దండం పెట్టుకుంది. "బైబిల్లో తోమాసు ఒక్కసారే అనుమానపడ్డాడు. మనవాడికి వారం వారం కావాలి" అని అయ్యగారు తర్వాత వాపోయారట.

అలాంటి మనిషికి ఒక్కగానొక్క కూతురు ఎలీసబెతు. ఆ పిల్లకు టెన్నిసు పిచ్చి పట్టుకుంది. తల్లి బుచ్చవ్వ దొరల క్లబ్బులో ఊడ్చే పని చేసేది. తల్లి వెంట పోయిన పిల్ల, మేనేజరు దొరసానికి జోడీ దొరకని ఓ సాయంత్రం బ్యాటు పట్టింది. మూడో నెలకు దొరసాని చేతిలో ఓడడం మానేసింది. దొరసాని ముచ్చటపడి తన పాత బ్యాటు ఇచ్చింది. తోమాసు దాన్ని దీపం కింద పెట్టి, దొంగ సొత్తును చూసినట్టు చూశాడు.

"ఊకెనే ఎందుకిచ్చింది?"

"నేను మంచిగ ఆడుతున్ననని బాపూ."

"నువ్వు మంచిగ ఆడితే ఆమెకేం లాభం?"

పదమూడేళ్ల పిల్ల బ్యాటు లాక్కోబోయింది. తోమాసు బ్యాటు అంచును తట్టాడు. తీగలు ఒక్కొక్కటే మీటి విన్నాడు. "గీ తీగ సచ్చిపోయింది" అన్నాడు. మూడో రోజున సరిగ్గా అదే తీగ పుటుక్కుమంది. అప్పటినుంచి ఎలీసబెతు కష్టాలు రెండు రకాలయ్యాయి. బాపు చెవిని కాదనలేదు, బాపు కర్రను భరించలేదు.

పందొమ్మిది వందల యాభై ఎనిమిదిలో కరీంనగర్‌లో పోటీలు పెట్టారు. తోమాసు ఒక రోజు ముందే పోయి, నెట్టు గుంజలు తట్టాడు, అంపైరు కూర్చునే ఎత్తు కుర్చీ తట్టాడు, చివరికి నేలను కూడా వదల్లేదు. కూతురు రాగానే చెవిలో చెప్పాడు: "అటు పక్క, ఎడమ మూలకు, జానెడు జాగ డొల్లగున్నది. కింద ఎలుక బొక్క ఉండొచ్చు. బంతి ఆడ పడితె లేవదు." ఎలీసబెతు బాపును చూసి మొదటిసారి ప్రేమగా నవ్వింది. మొదటి సెట్టులో మూడు బంతులు గురి చూసి అక్కడే వేసింది. మూడూ చచ్చిన కప్పల్లా పడి ఉన్నాయి. రెండో సెట్టుకు చూస్తే, ఎదుటి పిల్ల ఆ మూలకు ముందే వచ్చి వంగి నిలబడుతోంది! ఎలీసబెతు చెమటలు కక్కి మూడో సెట్టులో గెలిచింది. గెలిచి, సరాసరి తండ్రి దగ్గరికి వచ్చింది.

"బాపూ, గా ముచ్చట ఆ పిల్లకు ఎవరు చెప్పిన్రు?"

"నేనే చెప్పిన. వాళ్లవ్వకు గూడ చెప్పిన."

"ఎందుకు చెప్పినవ్ బాపూ!"

"డొల్ల ఉన్నదని ఎరుకైనంక ఒక్కలకే చెప్పి ఊకుంటమా?" అన్నాడు తోమాసు, ఇదేం ప్రశ్న అన్నట్టు.

ఇది బాధల్లో చిన్నది. పెద్దది హైదరాబాదులో జరిగింది. అరవై రెండులో రాష్ట్ర పోటీల చివరి ఆట. గెలిస్తే ఎలీసబెతు పేరు దేశమంతా తెలుస్తుంది. ఆ ఆట కోసం ఇంగ్లండు నుంచి బంతుల డబ్బా తెప్పించారు. లోపల గాలి బిగించి మూత వేసిన డబ్బా అది. అంపైరు మూత లాగగానే 'ఉస్స్' మంది. వెనక కూర్చున్న తోమాసు ఒక్క ఉదుటున లేచాడు. బాయిలో పనిచేసిన మనిషికి ఆ చప్పుడుకు ఒకటే అర్థం.

"గ్యాసు! గ్యాసు! ఉరుకుండ్రి! దీపాలు ఆర్పుండ్రి!"

సాయంత్రం నాలుగు గంటలు. ఆర్పడానికి సూర్యుడు తప్ప ఏ దీపమూ లేదు. అయినా ఆ గొంతులో ఏముందో, ముందు వరసలోని పెద్దమనుషులంతా లేచి పరుగెత్తారు. అరవై ఏళ్ల నవాబుగారొకరు చాయ్ కప్పుతో సహా గులాబీ మొక్కల మీదుగా దూకారు. ఆ పోటీల్లో అంతటి చురుకుదనం మరెవరూ చూపలేదని మర్నాడు చెప్పుకున్నారు. అందరినీ తరిమిన తోమాసు మాత్రం తాను పరుగెత్తలేదు. డబ్బా మీద తువ్వాల కప్పి, దాని మీద కూర్చున్నాడు. లేపడానికి ఇద్దరు పోలీసులు కావలసి వచ్చారు.

ఎలీసబెతు ఆరు-రెండు, ఆరు-ఒకటితో ఓడిపోయింది. తిరుగు రైలు కాజీపేట చేరుతుండగా తండ్రి వైపు తిరిగింది.

"బాపూ, ఇగ నా ఆటకు రాకు."

"మంచిది" అన్నాడు తోమాసు.

రాకుండా ఉన్నాడా అంటే, ఉన్నాడని ఎలీసబెతు ఎన్నడూ గట్టిగా చెప్పలేకపోయింది. వరంగల్లులో బంతి ఎగరేసి కొట్టబోతుంటే గోడ అవతల ఎక్కడో టక్, టక్ వినిపించేది. నిజామాబాదులో తను దిగిన హాస్టలు మెట్ల మీద పొన్ను గుర్తులు కనిపించేవి. "గా కర్ర ముసలాయన ఎవరు?" అని తోటి ఆటగత్తెలు అడిగితే, "నాకేం ఎరుక?" అనేది. అని ఆ రాత్రి అన్నం సరిగా తినేది కాదు.

అరవై ఆరులో సొరాబ్జీ సేటు వచ్చాడు. బొంబాయి మనిషి. నలుగురు ఆటగత్తెలను జమచేసి, ఊరూరా టెన్నిసు ఆడించి, జీతాలిస్తానన్నాడు. ఇందులో ఓ మెలిక ఉంది. ఆ రోజుల్లో డబ్బు తీసుకుని ఆడినవాళ్లను మళ్లీ పోటీల గడప తొక్కనిచ్చేవారు కాదు. సంతకం పెడితే వెనక తలుపు మూసుకున్నట్టే. పెట్టకపోతే మిషను బడిలో డ్రిల్లు టీచరమ్మగా పిల్లలకు చేతులు పైకెత్తడం, కిందికి దించడం నేర్పుతూ ముసలిదైపోవాలి. ఎలీసబెతుకు ఇరవై నాలుగేళ్లు. ఆమెకు సంతకం పెట్టాలని ఉంది. చాలా ఉంది.

అప్పటికి రిటైరైన తోమాసు సేటు పెట్టెను తట్టాడు. సేటు బూటు మడమను తట్టాడు. ఆఖరికి సేటునే అడిగాడు.

"ఆడపిల్లలు ఏడ పండుతరు సేటూ? ఏడ బట్టలు మార్చుకుంటరు?"

"అన్నీ ఫస్టు క్లాసు ఇంతజాం, సర్దార్ సాబ్! జర కూడా ఫికర్ వద్దు. మొదటి ఆట ఆదిలాబాద్‌లో, పత్తి మిల్లు మైదానంలో. చెక్క గ్యాలరీ కట్టిస్తున్నాను. నాలుగు వందల మంది కూర్చుంటారు. దాని కిందే ఆడపిల్లలకు గది."

"నాలుగు వందల మంది కింద" అన్నాడు తోమాసు, మెల్లగా. ఆయన గొంతు తగ్గితేనే ఇంట్లో అందరికీ భయం.

మర్నాడు పొద్దున్నే సద్ది మూట కట్టుకుని, కర్ర పట్టుకుని బయల్దేరాడు. "హుజూరాబాద్‌ల మా అక్కకు పాణం బాగలేదట. చూసొస్త" అన్నాడు. పాపం అని బుచ్చవ్వ నాలుగు జొన్నరొట్టెలు ఎక్కువ పెట్టింది. మూడో నాడు మధ్యాహ్నం బస్సు దిగి, పుట్టెడు ఆరోగ్యంతో, నెత్తిన మామిడికాయ తొక్కు జాడీ పెట్టుకుని, హుజూరాబాద్ రాజక్క గుమ్మంలోకి వచ్చింది.

"మా తమ్ముడేడి?"

తల్లీకూతుళ్లు మొహమొహాలు చూసుకున్నారు.

"నీ దగ్గరికే వచ్చిండు గద వదినే" అంది బుచ్చవ్వ.

"నా దగ్గరికా! అయ్యో, తమ్మునికి ఏమైందో!" అని రాజక్క జాడీ దించకుండానే ఏడుపు అందుకుంది.

బాపు ఎక్కడికి పోయాడో ఎలీసబెతుకు అర్థమైంది. సేటును బెదరగొట్టడానికి పోయాడు. ఒప్పందం కాగితం చింపించి వస్తాడు. వయసొచ్చిన నాటినుంచి ఆమె కోరుకున్నది ఒక్కటే, ఆ ఒక్కటీ ఈ కర్ర కింద నలిగిపోతుంది. సంచీ సర్దుకుని ఆదిలాబాద్ బస్సెక్కింది. దారి పొడుగునా తండ్రితో ఏమనాలో పళ్ల బిగువున అనుకుంటూనే ఉంది.

అనుకున్నట్టే ఉన్నాడు. మిల్లు మైదానంలో గ్యాలరీ కింద, బోర్లించిన గంప మీద, కర్ర ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"బాపూ! హుజూరాబాద్ గిట్లనే ఉంటదా?"

తోమాసు తలెత్తాడు. "మీ అత్త మంచిగున్నదా?" అన్నాడు, బొంకు దొరికిపోయిన మనిషికి ఉండాల్సిన సిగ్గు ఏమాత్రం లేకుండా.

"మన ఇంట్ల కూసోని నీకోసం ఏడుస్తుంది! నేను ఆడుడు నీకు ఇష్టం లేదంటె చెప్పు. పదేండ్ల సంది నా ఎనకెనక తట్టుకుంట తిరుగుతున్నవ్. నలుగురిల పరువు తీస్తున్నవ్. నా మీద గింత గూడ నమ్మకం లేదా నీకు?"

తోమాసు నిజంగానే తెల్లబోయాడు.

"నిన్నెప్పుడు తట్టిన బిడ్డా?"

ఎలీసబెతు గడిచిన ఏళ్లన్నీ వెతికి చూసుకుంది. బ్యాటును తట్టాడు, గుంజను తట్టాడు, నేలను, కుర్చీని, గోడను తట్టాడు. గెలుస్తావా అని మాత్రం ఒక్కనాడూ అడగలేదు. ఓడిపోయి వస్తే ఎందుకు ఓడావనీ అడగలేదు.

"బాయిల కప్పును తడ్తం. కప్పు కింద పనిచేసేటోళ్లను తడ్తమా? వాళ్ల పని వాళ్లకెరుక" అన్నాడు తోమాసు.

"మరి గిక్కడ మూడు దినాల సంది ఎందుకు కూసున్నవ్?"

"తట్టి, గట్టిగనే ఉన్నదన్నోడు ముందుగాల తను కూసోవాలె. లేకుంటె కూలోళ్లు ఏం నమ్మి వస్తరు?"

ఇంతలో సొరాబ్జీ సేటు రొప్పుతూ వచ్చాడు. కాగితం చింపేస్తాడనుకుని ఎలీసబెతు ఎదురుగా పోయింది. సేటు చేతులు ఆకాశానికెత్తి ఆమెతో మొరపెట్టుకున్నాడు.

"మీ నాన్న నన్ను పరేషాన్ చేసి చంపాడమ్మా! గ్యాలరీ గుంజలు రెండు డొల్ల అన్నాడు. గుత్తేదారు నవ్వాడు. నేనూ నవ్వాను. సర్దార్ సాబ్ నవ్వలేదు, ఈ గంప తెచ్చుకుని కూర్చున్నాడు. పీడ వదిలించుకుందామని వడ్రంగిని పిలిపించాను. ఉలి పెడితే బెల్లం ముద్దలో దిగినట్టు దిగింది! లోపలంతా చెదలు! సరిగ్గా మీ గది మీద!" సేటు నుదుటి చెమట తుడుచుకున్నాడు. "కొత్త గుంజలు వేయించాను. ఇప్పుడైనా సంతకం పెడతావా, లేక ఈయన ఇంకేమైనా తట్టాలా?"

ఎలీసబెతుకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఇన్నేళ్లు తాను సిగ్గుపడిన చప్పుడు ఏమిటో ఆమెకు ఆ నిమిషాన తెలిసింది. తనకంటే ముందు ఆ చోటుకు పోయి, కూతురి మీద పడేదేదో ముందు తన నెత్తిన వేసుకుందామని చూసిన మనిషి చేసిన చప్పుడు అది.

"బాపూ, సంతకం పెట్టనా?"

"ఆడేదానివి నువ్వు. నన్నడుగుతవేంది? కాయిదం మాత్రం జర గా బల్ల మీద పెట్టు."

కాగితం బల్ల మీద పరిచారు. తోమాసు కాగితాన్ని ముట్టుకోలేదు. బల్లను తట్టాడు.

ఆదిలాబాద్ ఆట బ్రహ్మాండంగా జరిగింది. ఎలీసబెతు గెలిచింది. తండ్రికి ముందు వరసలో కుర్చీ వేయించింది కానీ ఆయన కూర్చోలేదు. "మీద నాలుగు వందల మంది ఎగుర్తుంటె కుర్చీల ఎట్ల కూసుంట?" అని కిందే ఉండిపోయాడు. గ్యాలరీ గుంజల సంగతి తక్కిన ముగ్గురు ఆటగత్తెల చెవిన పడింది. బొంబాయి, పూనా పిల్లలు. సేటును చుట్టుముట్టి, "ఆ ముసలాయన లేకుండా మేం ఏ ఊరికీ రాము" అని తేల్చేశారు. సేటు నెత్తి కొట్టుకుని ఇంకో బస్సు టికెట్టు తీశాడు.

తర్వాతి మజిలీ కరీంనగర్. పెద్ద బజారు వెనక కొత్తగా పెట్టిన లాడ్జిలో దిగారు. మేనేజరు కొండల్, కొత్త చొక్కా వేసుకుని, తాళాల గుత్తి పట్టుకుని ఎదురొచ్చాడు. నలుగురు ఆడపిల్లలు సంచీలు భుజాన వేసుకుని వరండాలోనే నిలబడ్డారు. లోపలినుంచి టక్, టక్, టక్.

"లోపలికి నడువుండ్రమ్మా, అన్నీ కొత్త గదులే" అన్నాడు కొండల్. ఎవరూ కదలలేదు. కొండల్ తొంగి చూసి కంగారుపడ్డాడు. "ఎవరమ్మా గా ముసలాయన? గోడలన్ని కొడుతుండు!"

"మా బాపు" అంది ఎలీసబెతు, వరండా అంతా వినబడేలా. "బొగ్గుబాయిల సర్దారు. జర ఆగుండ్రి, ఆయన రమ్మన్నంక పోతం."

కొండల్ వరండాలోని తన కుర్చీలో కూర్చున్నాడు. మరుక్షణం ఆ కుర్చీ వంక అనుమానంగా చూసి, లేచి నిలబడ్డాడు.