తడవని ముడి

మా నాన్నది కటింగ్ షాపు. షాపు తెరిచాక మొదటి కుర్చీలో కూర్చునేది మాత్రం ఎప్పుడూ మా చెల్లే. యూనిఫాంలో, ఒళ్ళో పుస్తకం తెరుచుకుని ఏదో బట్టీ పడుతూ ఉండేది. నాన్న దాని జుట్టు మీద నీళ్ళు చల్లి, గట్టిగా దువ్వి, వెనక ముడి చుట్టి, వల తొడిగి పిన్నులు గుచ్చేవాడు. ఒక్క వెంట్రుక కూడా బయటికి రాకూడదని బ్యాలే నేర్పే మేడమ్ గారి ఆర్డరు. సాయంత్రం అది బడి నుంచి నేరుగా క్లాసుకి పరిగెత్తాలి కాబట్టి ముడి పొద్దున్నే పడాలి.

"తల కదపకు."

"కదపట్లేదు నాన్నా. పెదాలే కదుపుతున్నా."

"పెదాలు కదిలితే చెవులు కదుల్తాయి. చెవులు కదిల్తే నా పిన్ను కదుల్తుంది. మనసులో చదువుకో."

"మనసులో చదివితే మనసులోనే ఉండిపోతుంది, పేపర్లోకి రాదు."

నాన్న నవ్వు ఆపుకుంటూ ఇంకో పిన్ను గుచ్చేవాడు.

ఈ బ్యాలే మా ఇంట్లోకి షాపు గుమ్మంలోంచే వచ్చింది. మేడమ్ గారికి మగపిల్లాడి క్రాపు. ఆడవాళ్ళ పార్లర్లో అంత పొట్టిగా కత్తిరించడం రాదని మా షాపుకే వచ్చేవారు. ఒకరోజు ఆవిడ కుర్చీలో ఉండగా చెల్లి అద్దం తుడుస్తోంది. అప్పటికది చాలా చిన్నది. పైఅంచు అందక మునివేళ్ళ మీద లేచి, పడిపోకుండా రెండో కాలు వెనక్కి చాచింది.

"ఎవరిదా కాలు?" అన్నారు మేడమ్, అద్దంలోంచే.

"ఆ పిల్లదే మేడమ్, అద్దెకి తెచ్చింది కాదు" అన్నాడు గడియారాల బాబాయి. పక్క కొట్లో గడియారాలు బాగుచేస్తాడు. బేరం లేనప్పుడు మా బెంచీ మీదే ఉంటాడు, బేరం ఎప్పుడూ ఉండదు.

అలా మొదలైంది. తర్వాత అది ఆటగా మిగల్లేదు. వారమంతా క్లాసులే, ఏడాదికోసారి పరీక్ష. అది పాసయితేనే పై తరగతి. క్లాసులు మానేసినవాళ్ళ పేరు పరీక్షకి పంపనని మేడమ్ ముందే చెప్పేశారు.

తొమ్మిదో తరగతి మధ్యలో నేను బడి మానేశాను. అమ్మ ఆస్పత్రి లాండ్రీలో పనిచేస్తుంది, రెండు పూటలా ఆవిడ ఇంట్లో ఉండదు. షాపులో జుట్టు ఊడవడం, తువ్వాళ్ళు ఉతకడం, చెల్లి క్లాసు బట్టలు ఉతికి ఆరేయడం నా పని. నాకు నలుగురిలో నోరు పెగలదు. మూలనున్న చీపురుతో పాటు నన్ను కూడా మర్చిపోయి అందరూ మాట్లాడుకుంటారు.

బ్యాలే క్లాసు బడి ఆఖరి గంట కొట్టకముందే మొదలవుతుంది. చెల్లి ఆఖరి పీరియడు వదిలేసి వెళ్ళడానికి పెద్ద టీచరమ్మ గారు ఒప్పుకున్నారు. కాకపోతే మార్కులు తగ్గకూడదు, బడి తరఫున ఆడాలి. "ఎప్పుడూ మా గేటు బయటికే పరిగెత్తుతావు. మా గ్రౌండులో కూడా కాస్త పరిగెత్తు" అన్నారట. దాన్ని లాంగ్ జంపులో వేశారు. ఆటల సారు మెడలో ఎప్పుడూ ఈల వేలాడుతూ ఉంటుంది, అందరికీ ఆయన ఈల సారే.

అప్పట్నుంచి దానికి మూడు బతుకులు. క్లాసులో పాదాలు బయటికి తిప్పి నిలబడటం అలవాటై బడిలో కూడా అలాగే నడిచేది. అక్కడ పిల్లలు 'బాతు' అనేవాళ్ళు. దూకి దూకి తొడలు గట్టిపడితే క్లాసులో 'పహిల్వాన్' అనేవాళ్ళు. దాని బూట్లలోంచి ఇసక రాలితే మేడమ్ చీపురు చేతికిచ్చేవారు. లెక్కలు చేసుకునేది మా షాపులోనే, రెండు కుర్చీల మధ్య నేల మీద, కాళ్ళు చెరోవైపు బారుగా చాపి. వచ్చినవాళ్ళు దాని కాళ్ళు దాటుకుని వెళ్ళి కూర్చునేవారు.

"మీ షాపుకి రావాలంటే ముందు లాంగ్ జంపు రావాలయ్యా" అనేవాడు బాబాయి.

నాన్నకి ఆ మాట ఎంత ఇష్టమో! కుర్చీలో ఎవరు కూర్చున్నా దువ్వెన కన్నా ముందు నోరు లేచేది. మా చిన్నది ఇటు డాన్సు, అటు ఆట, మధ్యలో లెక్కల్లో ఫస్టు. వినేవాడికి తప్పించుకునే దారి లేదు, మెడకి గుడ్డ కట్టేసి ఉంటుంది కదా.

ఆ ఏడు బడులన్నిటికీ కలిపి పోటీలు పెట్టారు. నేను తువ్వాలు, నీళ్ళ సీసా పట్టుకుని చెల్లితో ముందే వెళ్ళాను. మూడుసార్లు దూకనిస్తారు. మొదటి రెండుసార్లూ దాని కాలు, దూకే చోట పాతిన చెక్క దాటిపోయింది, ఆ దూకు చెల్లదని రెండుసార్లూ ఎర్ర జెండా లేచింది. మూడోదానికి అది వెనక్కి నడుస్తుండగా కంచె దగ్గర నాన్న కనబడ్డాడు. షాపు మూసేసి, బాబాయినీ షాపుకొచ్చే ఇంకో నలుగురినీ వెంటబెట్టుకుని వచ్చాడు. అందులో ఒకాయనకి ఒక చెవి పక్కన మాత్రమే జుట్టు కత్తిరించి ఉంది.

చెల్లి పరిగెత్తుకొచ్చి దూకింది. దిగినప్పుడు చప్పుడే లేదు. దూకితే కింది వాటాలో నిద్రపోయేవాళ్ళకి మెలకువ రాకూడదని మేడమ్ నేర్పారు. అప్పటిదాకా దూకినవాళ్ళ గుర్తులన్నీ దానికి వెనకే ఉన్నాయి. ఈల సారు రెండు చేతులూ పైకెత్తారు. అక్కణ్ణుంచి ముందుకి నడిచి బయటికొస్తే షీల్డు మా బడిదే.

అది లేచి నిలబడింది. ఎదురుగా కంచె అవతల నాన్న. బ్యాలేలో క్లాసు అయిపోగానే మేడమ్ కీ, పియానో వాయించే ఆవిడకీ వందనం చేస్తారు. ఒక కాలు వెనక్కి వేసి, మోకాళ్ళు వంచి, చేతులు విప్పి, తల దించి, ఎదుటివాళ్ళకి వీపు చూపించకుండా వెనక్కే నడిచి వెళ్ళాలి. ఎన్నేళ్ళుగానో రోజూ చేసిన పని. చెల్లి ఇసకలో అదే చేసింది. వందనం చేసి, వెనక్కి నడుచుకుంటూ, చెక్క వైపు నుంచి బయటికి వచ్చేసింది.

ఇసకలో వెనక్కి నడిస్తే ఆ దూకు లెక్కలోకి రాదు.

"చాల్లే తల్లీ, దీవించాం, వెళ్ళిరా!" అన్నాడు మైకులో ఆయన. గ్రౌండంతా నవ్వింది. ఎర్ర జెండా లేచింది.

ఆ నవ్వుల్లో ఒక్క చోటి నుంచే చప్పట్లు వినబడ్డాయి. నాన్న. "చూశారా! జెండా ఎత్తారు! మా చిన్నదానికి జెండా ఎత్తారు!" అని పక్కవాళ్ళ భుజాలు పట్టి కుదిపేస్తున్నాడు. నవ్వులు ఆగిపోయాక కూడా కొడుతూనే ఉన్నాడు. బాబాయి ఆయన చెవిలో ఏదో చెప్పాడు. చేతులు గాల్లో ఉన్నవి ఉన్నట్టే ఆగిపోయాయి. తర్వాత వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు జేబుల్లో పెట్టుకున్నాడు.

చెల్లి అదంతా చూసింది. నేనిచ్చిన తువ్వాలు ముఖం మీద వేసుకుని, నీళ్ళ ట్యాంకు వెనక కూర్చుని బస్సు వచ్చేదాకా తియ్యలేదు.

ఆ తర్వాత మా షాపులో మాట పడిపోయింది. నాన్న గుడ్డ కట్టి, కత్తిరించి, దులిపి, పంపించేవాడు. మీ చిన్నమ్మాయి ఎలా ఉంది అని ఎవరైనా అంటే "చెవుల పక్కన తగ్గించమంటారా?" అనేవాడు. బాబాయి కూడా బెంచీ మీద ఇబ్బందిగా కదిలి తన కొట్లోకి వెళ్ళిపోయేవాడు. పొద్దున ముడి మాత్రం ఆగలేదు. కాకపోతే తల కదపకు అని నాన్న అనేవాడు కాదు. అది కదిపేది కాదు.

చెల్లి ఎప్పుడూ వచ్చే వేళకే ఇంటికి వచ్చేది. క్లాసు సంచీ ఎప్పటిలాగే భుజాన ఉండేది. కానీ సంచీలో బట్టలు నేను మడిచిన మడత మీదే ఉండేవి. అదివరకు ముడి విప్పితే వేర్ల దాకా చెమటతో తడిసి, పిన్నులు జారి, వల మెడ మీదికి వేలాడుతుండేది. ఇప్పుడు పొద్దున నాన్న వేసింది వేసినట్టే, పొడిగా, గట్టిగా తిరిగొచ్చేది. పిన్నులు తీసేటప్పుడు నాన్న ఒక్క క్షణం ఆగేవాడు.

ఆ నెల దాని మార్కులు పెరిగాయి. ప్రోగ్రెస్ కార్డు అద్దం ముందు పెట్టింది. నాన్న సంతకం పెట్టి "మంచిది" అన్నాడు. అంతే.

ఒక సాయంత్రం ఈల సారు వచ్చారు. పోటీల తర్వాత ఆయన మా షాపు ముఖం చూడలేదు. జుట్టు చెవుల మీదికి దిగింది, గడ్డం మాసింది. గుమ్మంలో కాసేపు తటపటాయించారు.

"రండి సారూ" అన్నాడు బాబాయి. ఆ రోజు బెంచీ మీదే ఉన్నాడు. "ఏంటిది, గ్రౌండులో గడ్డి మొలవట్లేదని నెత్తి మీద పెంచుతున్నారా?"

సారు నవ్వలేక నవ్వి కూర్చున్నారు. నాన్న జుట్టు కత్తిరించి, గడ్డానికి నురగ పట్టించాడు. ఆ రోజు చెల్లి ఎప్పటికన్నా ముందే, అప్పుడే సంచీతో లోపలికి వచ్చింది. సార్ని చూసి వెనక్కి తిరగబోయింది. ఈసారి నా చీపురు అడ్డం పడింది. అడ్డం పెట్టానో, దానంతటదే పడిందో చెప్పలేను.

"ఏమ్మా, ఇది మీ డాన్సు క్లాసు టైము కాదూ?" అన్నారు సారు, అద్దంలోంచి.

చెల్లి నేల చూసింది.

"వెళ్ళట్లేదు సార్."

"వెళ్ళకుండా? ఆఖరి పీరియడు కూడా కూర్చుంటున్నావని విన్నాను. పరీక్షలకి చదువుకుంటున్నావేమో అనుకున్నా."

"పర్మిషన్ తీసేశారు కదా సార్."

"ఎవరు తీసేశారు?"

చెల్లి సంచీ పట్టీని వేలికి చుట్టుకుంది.

"పెద్ద టీచరమ్మ పిలిచి చెప్పిందా? నేను చెప్పానా?"

"ఎవరూ చెప్పలేదు సార్. షీల్డు పోయింది కదా. తీసేసుంటారు అనుకున్నా. అడగడానికి..." అని ఆగి, "సిగ్గేసింది" అంది.

"అయ్యో పిచ్చి తల్లీ!" సారు గుడ్డ కింద నుంచి చేయి బయటికి తీశారు. "దిగాక ముందుకే నడవాలని నీకు చెప్పాల్సింది నేను. మామూలు పిల్లలకి చెప్పక్కర్లేదు కదా అని వదిలేశా. ఆ సిగ్గుతోనే నేనీ షాపుకి రాలేదు. ఏమయ్యా, నీకు తెలీదా ఇది క్లాసు మానేసిందని?"

నాన్న కత్తి తుడుస్తున్నాడు, ఎంతసేపూ అదే పని.

"తెలుసు సార్" అన్నాడు. "ముడి తడవట్లేదు. రోజూ చూస్తూనే ఉన్నా."

"మరి అడగవేం?"

"ఏ ముఖం పెట్టుకుని అడగను సార్? అంతమందిలో దాన్ని చూసి చప్పట్లు కొట్టినోణ్ణి. నా వల్లే సిగ్గుపడి మానేసిందనుకున్నా."

చెల్లి తల ఎత్తింది. "నేను నీకే పెట్టాను నాన్నా ఆ వందనం" అంది. ఆ మాట అందో లేదో మళ్ళీ తల దించేసుకుంది.

బాబాయి లేచి పక్కన తన కొట్లోకి తొంగి చూసొచ్చి, "ఇప్పుడు బయల్దేరితే సగం క్లాసు దొరుకుతుంది" అన్నాడు. "నా కొట్లో ఆడే గడియారం ఒక్కటే ఉంది, అది చూసే చెప్తున్నా."

"పెద్దమ్మాయ్, తీసుకెళ్ళు" అన్నాడు నాన్న. "సార్ని నురగతో వదిలేసి నేను రాలేను."

మేము వీధిలోకి దిగామో లేదో వెనక నుంచి ఈల వినబడింది. తిరిగి చూస్తే సారు గుమ్మంలో ఉన్నారు. మెడకి గుడ్డ, ముఖం నిండా నురగ, నురగలోనే ఈల. "పరిగెత్తండి!" అని చెయ్యి ఊపుతున్నారు. చెల్లి పరిగెత్తింది. దాని వెనకే సంచీ పట్టుకుని నేను.

మేడమ్ తలుపు తీసి దాన్ని పైనుంచి కింది దాకా చూశారు. ఎక్కడికి పోయావని అడగలేదు.

"పరీక్షకి పేర్లు పంపేశాను. నీది లేదు."

"తెలుసు మేడమ్."

"నీతో చేసినవాళ్ళు పాఠంలో ముందుకి వెళ్ళిపోయారు. ఈ ఏడు చిన్నవాళ్ళతో చెయ్యాలి. చేస్తావా?"

"చేస్తాను మేడమ్."

తలుపు పక్క బెంచీ మీద కూర్చుని చూశాను. గోడకి బిగించిన కర్ర పట్టుకుని చెల్లి వరుస చివర నిలబడింది. పక్క పిల్లలందరూ దాని భుజం దాకానే వస్తారు. ఒకప్పుడు దానితో కలిసి చేసినవాళ్ళు అవతలి గదిలోంచి బయటికొచ్చి, చూసి, ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు. దాని చెవులు ఎర్రబడ్డాయి. అయినా కాలు దించలేదు.

క్లాసు ముగిసింది. పియానో నెమ్మదించింది. పిల్లలందరూ ఒక కాలు వెనక్కి వేసి వందనం చేశారు. చెల్లి కాలు కదల్లేదు.

"కాలు వెనక్కి" అన్నారు మేడమ్.

అది మెడ తిప్పి, వెనక నేల ఎలా ఉందో చూసుకుంది. చూసుకున్నాక అప్పుడు కాలు వేసింది. బ్యాలేలో అలా వెనక్కి చూడకూడదు. పక్కనున్న చిట్టిపిల్ల కిసుక్కుమంది.

మేము తిరిగొచ్చేసరికి నాన్న ఇంకా షాపు మూయలేదు. సారు వెళ్ళిపోయినా నేల మీద ఆయన జుట్టు అలాగే ఉంది. చెల్లి వెళ్ళి మొదటి కుర్చీలో కూర్చుంది. నాన్న ఒక్కొక్క పిన్నే తీసి డబ్బాలో వేశాడు. వల తీసి పిండితే చెయ్యి తడిసింది. ఆ చేతిని చొక్కాకి తుడుచుకోలేదు.

"పరీక్ష?" అన్నాడు.

"ఈ ఏడు లేదు."

"ఊఁ." కాసేపు దువ్వాడు. "రేపు ఇంకాస్త గట్టిగా పెట్టనా?"

"పెట్టు నాన్నా."

ఎదురుగా నిలువెత్తు అద్దం ఉంది. ఇద్దరూ పిన్నుల డబ్బా వైపే చూస్తున్నారు.