అక్క లివర్ కోసం నేను పెట్టిన మీటింగ్

మొన్న ఆదివారం భూపాలపల్లిల నేను చేసిన ఘనకార్యం వినుండ్రి. చాయ్ చల్లారినా మంచిదే, నడుమల ఎవ్వలు లేవొద్దు. ఇగ గా ఊర్ల బస్సు దిగాల్నంటే మొఖానికి కొంగు అడ్డం పెట్టుకోవాలె, గట్లయింది నా బతుకు.

మా అక్క మీకు ఎరుకే గదా. బావ బొగ్గుబాయిల చేస్తడు, క్వార్టర్లల ఉంటరు. రెండేండ్ల సంది అక్కకు లివర్ బీమారి. ఆటో ఇమ్యూన్ అంటరు. మనల కాపాడాల్సిన ఒంట్ల బలమే అడ్డం తిరిగి లివర్ మీద పడుతదట. ఎందుకు పడుతదో డాక్టర్లకే పూర్తిగ అంతు చిక్కలే. గోలీలు మింగుకుంట ఉండుడే. మా దిక్కు పండుగకు ఆడోళ్లు ఓ గ్లాసు కల్లు తాగితే తప్పు వట్టరు. అక్క గది గూడ ఎన్నడు ముట్టలే.

కానీ క్వార్టర్ల జనానికి డాక్టర్ చెప్పాల్నా? అందరు డాక్టర్లే. లివర్ ఖరాబైందంటే తాగుడే. అక్క కండ్లు పచ్చగైనయి, ఇంట్ల దాసుకోని తాగుతదని తేల్చేసిండ్రు. గీ మాట అన్నోళ్లల సగం మంది పొద్దుగూకితే సక్కగ నడువలేరు! పక్కింటి సరోజన అయితే సీసాలున్నయేమోనని మా అక్క చెత్తబుట్ట గూడ తొంగి చూసింది. అక్క ఇల్లు దాటి బయటికి వచ్చుడు బంద్ జేసింది. నాకు కడుపు మండింది.

గప్పుడే అక్కను చూసే డాక్టర్ చెప్పిండు, ఈ బీమారి మీద రీసెర్చ్ కోసం ఓ ట్రస్టోళ్లు చందాలు జమ చేస్తున్నరని. ఇగ చూడుండ్రి నా తెలివి. ఒక్క మీటింగ్ పెడితే రీసెర్చ్‌కు చందా వస్తది, అక్క మీద నింద పోతది అనుకున్న. మహబూబాబాద్‌ల టీచర్ను నేను, మైక్ దొరికితే వదుల్తనా?

బడికి సెలవు పెట్టి అక్క ఊర్ల చందాకు తిరిగిన. వినాయకునికి అడుగకముందే ఇచ్చేటోళ్లు, లీడర్ బర్త్‌డే ఫ్లెక్సీకి పోటీ పడేటోళ్లు, రీసెర్చ్ అనంగనే జేబులు తడుముకున్నరు. ఒక పెద్దమనిషి, మా పేరు ఏడ రాస్తరమ్మా, బండ మీద చెక్కుతరా అని అడిగిండు. చెక్కరు అన్న. మరి ఇచ్చినట్టు ఎవలికి తెలుస్తది అన్నడు. ఇసొంటోళ్లకు వంగి దండం పెట్టాలె.

ఆఖరికి రవీందరన్న అని ఒక్కడు దొరికిండు. ఏదో వ్యాపారం, మంచి మనిషి అని ఎవలో చెప్తే పోయి కలిసిన. టెంటు హౌజోళ్ల కుర్చీలు, మైక్, ఫ్లెక్సీ అన్నీ నావే, పైంగ పెద్ద చందా ఇస్త అన్నడు. ఏం వ్యాపారమన్నా అని నేను అడిగిన్నా? అడుగలే. చందా మాట విన్నంక ఇంకేం వినపడలే నాకు. ఎవలాయన, ఏం జేస్తడే అని అక్క అడిగింది. నీకెందుకు, నువ్వు మంచి చీర కట్టుకోని రా అన్న.

ఆదివారం పొద్దుగాల క్వార్టర్ల కాడి హాల్‌ల ఫ్లెక్సీ లేసింది. మీద అక్క ఫోటో, 'లివర్‌ను కాపాడుకుందాం' అని పెద్దక్షరాలు. కింద దండం పెట్టుకుంట రవీందరన్న. ఆయన పక్కపొంటి ఆయన వైన్స్ పేరు, 'పర్మిట్ రూమ్ సౌకర్యం కలదు'. వైన్స్ పేరు నేను చెప్ప, ఉత్తగ ప్రచారం ఎందుకు.

ఇప్పిద్దామంటే టెంటోడు నిచ్చెన తీస్కపోయిండు. జనం నిండిండ్రు. అక్క ఫ్లెక్సీని చూసింది, నన్ను చూసింది, ముందు కుర్చీల తల వంచుకోని కూసున్నది. గా ఫ్లెక్సీ కిందనే నిలవడి, లివర్ రోగాలన్నీ తాగుడుతోని రావు అని స్పీచ్ మొదలువెట్టిన. ఎవలో కిసుక్కుమన్నరు. ఇగ హాలంత నవ్వుడే. అక్కకు సాయం జేద్దామని పోయి ఉన్న ఇజ్జత్ గూడ తీసిన అనుకున్న.

గప్పుడు రవీందరన్న లేసి నా చేతులకెళ్లి మైక్ గుంజుకున్నడు.

"పన్నెండేండ్ల సంది దుకాణం నడుపుతున్న. క్వార్టర్లల ఎవలొస్తరో, ఏ టైముకొస్తరో, ఎవలు సంచిల దాసుకపోతరో నాకన్న ఎవలికి ఎరుక? పేర్లు చదువుమంటే చదువుత. గీ అక్క ఒక్కపారి గూడ రాలే. మా అవ్వ మీద ఒట్టు."

నవ్వినోళ్లంత చెప్పుల దిక్కు చూసుకుంట కూసున్నరు. ఒకడు మెల్లగ లేసి చందా డబ్బల నోటు ఏసిండు. ఆని ఎన్క ఇంకోడు, ఇంకోడు. పేర్లు బయటవడుతయనంగ రీసెర్చ్ మీద ఎంత ప్రేమ పుట్టిందో! అక్క తల లేపింది. నాకు ఏడుపొచ్చింది, నిజంగ చెప్తున్న.

ఆయన గంతట ఆపితే నాకు గీ గతి ఎందుకు?

"గీ టీచరమ్మ మాత్రం," అన్నడు నన్ను చూపించుకుంట, "పోయిన వారం మూడుసార్లొచ్చింది. ఒక్కపారి గూడ ఉత్తచేతులతోని పంపలే నేను."

మెచ్చుకుంటున్న అనుకున్నడు పాపం. నేను పోయింది చందా కోసం, ఎనక మెట్లెక్కి మీది అంతస్తుల ఆఫీసుకు. కిందేం దుకాణమున్నదో చూసిన్నా నేను? గీ సంగతి చెప్పుదామని మైక్ అందుకునే లోపట టెంటోడు జనగణమన పెట్టిండు. అందరం అటెన్షన్ల నిలవడ్డం. హాలంత నన్నే చూస్తున్నది, నోరు ఇప్పరాదాయె.

పాట అయిపోంగనే సరోజన ఉరికొచ్చి అక్క చేతులు వట్టుకున్నది.

"మాఫ్ జెయ్యక్కా, నిన్ను ఉత్తగనే అనుమానించినం. మీ చెల్లెను మాత్రం జర మానిపియ్యి. పిల్లలకు చదువు చెప్పేది గదా, పాపం."

అక్క నా దిక్కు చూసింది. ఎన్నో రోజులకు మొఖంల నవ్వు కనవడ్డది.

"ఎంతని చెప్పాలె సరోజనా," అన్నది మా అక్క, "అది ఇంటేనా?"