వెలగ షర్బత్‌తో నా ఉద్యమం

“ఈ వెలగచెట్టు మీద గొడ్డలి పడదు నాయనా, నేనుండగా పడదు.”

మా చర్చి సంఘపెద్ద రత్నం పెదనాయన పోయిన ఈస్టరునాడు అందరి ముందర నాకిచ్చిన మాట ఇది. ఈ నెలలో చర్చి ఆవరణలోకి ట్రాక్టరు ఇసుక వచ్చింది. బండ్లు పెట్టుకునే షెడ్డుకంట. చెట్టు అడ్డమంట. మాట తప్పింది ఆయన, పెద్దారవీడు నుంచి మార్కాపురం దాకా నవ్వులపాలైంది మాత్రం నేను. ఎట్లనో వినండి.

నేను ఊరుకునే మనిషిని కాదు గదా. చెట్టు ప్రజల ఆస్తి, ప్రజాక్షేత్రంలోనే తేల్చుకుంటానని చెప్పినా. ఆదివారం ఆరాధన అయినాక కూల్‌డ్రింకు బదులు అందరికీ వెలగ షర్బత్ పోస్తా, తాగినవాళ్ళే చెట్టును కాపాడతారు. ఇదీ నా ప్లాను. వెలగపండు అరుగుదలకు మంచిదనీ, ఒంటికి చలవనీ ఫోన్లో చదివినా. గట్టిగా చెప్పడానికి పరిశోధనలు చాలవని అదే పేజీలో కింద ఉంది. నినాదంలో అంత పట్టదని వదిలేసినా.

వెలగపండు పండిందీ లేనిదీ రంగు చూస్తే తెలియదు. మా వైపు మోకాలెత్తు నుంచి కిందికి వదిలి చూస్తారు. ఎగిరితే కాయ, ఎగరకుండా పడితే పండు. శనివారం చెట్టెక్కి సంచి నిండా కోసి, పక్కనే ఉన్న ఇసుక కుప్ప మీద ఒక్కొక్కటే వదిలినా. ఒక్కటంటే ఒక్కటి ఎగరలేదు! ప్రకృతి కూడా మన పక్షమే అనుకున్నా.

ఇంటికి తెచ్చి సగం పండ్లు పగలగొడితే గుజ్జు తెల్లగా, గట్టిగా ఉంది. నాటురకం గదా, ఇట్లనే ఉంటుందని సరిపెట్టుకొని బెల్లం వేసి మిక్సీలో తిప్పినా. రుచి చూడలేదు. ముందు ప్రజలు, తర్వాతే నాయకుడు.

ఆదివారం గ్లాసులు పంచి, అరుగుదల మీద ఉపన్యాసం మొదలుపెట్టినా. అందరూ కదలకుండా వింటున్నారు. నా మాటల బలమే అనుకున్నా. తీరా చూస్తే ఎవరికీ నోరు పెగలడం లేదు. పాటల బృందం మరియమ్మ అత్త గ్లాసు కింద పెట్టి, “ఏందబ్బయ్యా ఇది, నాలుక అంగిట్లో అతుక్కపాయ. సాయంత్రం కూడికలో పాట ఎట్ల పాడాల?” అనింది.

కంగారులో వెంట తెచ్చిన సంచి ఎత్తబోతే మిగిలిన కాయల్లో ఒకటి జారి, బండల మీద బంతిలాగా ఎగిరి పెదనాయన చెప్పుకు తగిలింది. ఆయన కాయను చూసినాడు, నన్ను చూసినాడు.

“యాడ వేసి చూసినావు నాయనా?”

“ఇసుక మీద.”

“ఇసుక మీద ఇనపగుండేసినా ఎగరదు గదరా.”

అతుక్కున్న నోళ్ళన్నీ నవ్వడానికి మాత్రం తెరుచుకున్నాయి. పెదనాయన అయితే షెడ్డు గుంతలు రేపే తీయిస్తానన్నాడు.

పరువు సంగతి సరే, చెట్టు పోతుందే అని నా దిగులు. ఇంతలో మరియమ్మ అత్త ఆ కాయలు పగలగొట్టించి, పచ్చిమిరపకాయలు, వెల్లుల్లి వేసి నూరి, పోపు పెట్టింది. మధ్యాహ్నం చర్చి భోజనాల్లో వెలక్కాయ పచ్చడికి జనం ఎగబడినారు. పెదనాయన రెండోసారి వేయించుకుంటుంటే, ఇదే సమయమని పక్కన కూర్చొని చెట్టు సంగతి అడిగినా.

“పచ్చడిని చూస్తే ఉంచుదామనిపిస్తాంది. నీ షర్బత్ తలుచుకుంటే ఇప్పుడే కొట్టేద్దామనిపిస్తాంది. ఆలోచిస్తాలే.”

ఇట్లాంటి దాటవేత మాటలు మాకు కొత్త కాదు. పెదనాయనా, చెట్టు ఉంటుందో లేదో సంఘం ముందర చెప్పాల్సిందే. నిరాహారదీక్ష చేస్తానని బెదిరించను, అన్నం మిగుల్తుందని సంతోషిస్తారు. జవాబు రాకపోతే ఆ వచ్చే ఆదివారం షర్బత్ మళ్ళీ నేనే చేస్తా. గడువు డిసెంబరు ఒకటి.