ఎండాకాలం కిరాయిదారులు

చెల్పూర్‌లో మా ఇంటి మీద మూడు గదులు వేసి కిరాయికిస్తున్నాం. వానలు మొదలై కరెంటు ప్లాంటులో రిపేర్లు పెట్టుకున్నప్పుడు వెల్డర్లు, ఫిట్టర్లు దిగుతారు. అప్పుడు వరండాలో చాప వేసుకుంటామన్నా చోటుండదు. ఎండాకాలం ప్లాంటు ఆపరు. రేకులు కాలిపోతుంటాయి, గదులకు తాళాలే.

ఈ ఏడు మాత్రం ఎండలు ముదిరాక నలుగురు వచ్చి మూడు గదులూ కావాలన్నారు. వాళ్లలో పెద్దాయనది జఫర్‌గఢ్ దగ్గరి పల్లె.

"ఏం పని మీద వచ్చిన్రన్నా?" అని అడిగాను.

"కొలతల పని చెల్లె. జర తిరుగుడు ఎక్కువ."

ఎండాకాలంలో ఇల్లు నిండిందన్న సంతోషంలో ఇంకేమీ అడగలేదు. మా అత్తమ్మకే నచ్చలేదు.

"ప్లాంటు పనైతే ప్లాంటు దిక్కు పోవాలె గదా. వీళ్లు చెలకల పొంట ఎందుకు పోతున్నరే?" అనేది.

నిజమే. మూడుకాళ్ల స్టాండు భుజాన వేసుకుని, దున్నని చేలకు అడ్డంపడి పోయేవారు. సాయంత్రం వచ్చి నేను చేసిన జొన్నరొట్టెలు తిని, పెద్దగా మాట్లాడకుండా పైకి వెళ్లిపోయేవారు.

కొన్నాళ్లకు మా చేను గట్టు మీద తెల్లరంగు పూసిన రాయి కనిపించింది. పక్కవాళ్ల చేనులో ఇంకొకటి. ఆ తర్వాతది ఊరికి మరింత దగ్గరగా. ఒక ఆదివారం బట్టలు ఆరేయడానికి పెరట్లోకి వెళ్తే, మా వెనక గోడ మీద ఎర్ర బాణం, పక్కన ఏదో అంకె. ముట్టుకుంటే రంగు వేలికంటింది.

రొట్టెలకు దిగొచ్చిన పెద్దాయనను నిలదీశాను. "మా గోడకు గిదేందన్నా?"

ఆయన పళ్లెం కింద పెట్టాడు. "బొగ్గు బాయి ఇటు పెరుగుతదంటున్నరు చెల్లె. మేం కొలిచి ఇచ్చేటోళ్లమే. ఇక్కడ దిగిన నాడు నాకూ ఎర్కలేదు."

"మరి మా ఇల్లు?"

"బాయి కోసం గీసిన గీత లోపల్నే ఉన్నది."

అత్తమ్మ పళ్లేన్ని మళ్లీ ఆయన ముందుకు జరిపింది. "తిను బిడ్డా, సల్లారుతది."

ఆయన తినలేకపోయాడు. రెండు రోజుల్లో గదులు ఖాళీ చేశారు.

ఇల్లు ఖాళీ చేయమన్న నోటీసు ఇంతవరకూ రాలేదు. వానలకు వెల్డర్లు వచ్చారు, పోతూపోతూ "వచ్చే ఏడు గూడ గదులు మాకే ఉంచు అక్కా" అన్నారు. మా ఆయన నా వైపు చూడకుండా సరేనన్నాడు.

మధ్యాహ్నాలు బొగ్గు గనిలో పేలుళ్లు దగ్గరగా వినిపిస్తున్నాయి. నిన్నటి దెబ్బకు గూట్లోంచి గిన్నె ఒకటి కిందపడింది. అందరం అక్కడే ఉన్నాం, ఎవరమూ లేచి తీయలేదు.