ఓబులేసు బూడిదలో నా అరుదైన లోహం

ఒక్క బకెట్ బూడిదతో మనిషి ఎంత పరువు పోగొట్టుకోవచ్చో తెలియాలంటే నన్నడగండి. రెండువేల ఏడో ఎనిమిదో, సంవత్సరం సరిగ్గా గుర్తులేదు. అవమానం మాత్రం నిన్ననే జరిగినట్టుంది.

అప్పుడు నేను మైదుకూరు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్ని. నేను అద్దెకున్న మేడగది యజమాని ఓబులేసు. థర్మల్ విద్యుత్ కేంద్రం నుంచి బొగ్గు బూడిద తెచ్చి ఇటుకలు పోసేవాడు. పెరటి నిండా బూడిద గుట్టలే. అలాంటి బూడిదలో సెల్‌ఫోన్లకు పనికొచ్చే అరుదైన లోహాలు ఉంటాయని ఏదో పత్రికలో చదివాను. అంతే, ఆ గుట్టలు నా కంటికి బంగారు కొండలైపోయాయి.

"ఓ బకెట్ బూడిద కావాలి ఓబులేసన్నా."

"బూడిదా! దేనికి సారూ?"

"పళ్ళు తోముకోడానికి."

చూశారుగా, అబద్ధంలోనూ నా తెలివి!

బూడిదను మేడగదిలోనే యాసిడ్‌లో నానబెట్టి, వడగట్టి, బోరు నీళ్ళు ధారాళంగా కలిపి, ఆక్సాలిక్ యాసిడ్ పోశాను. పాలు విరిగినట్టు తెల్లటి పొడి అడుగుకు దిగింది. లోహం సరిగ్గా ఇలాగే దిగుతుందని పుస్తకంలో ఉంది! పొడిని సీసాకెత్తి గదికి తాళం వేశాను. ఆ క్షణం నుంచి నాకు లోకమంతా దొంగలే.

మర్నాడు ఓబులేసు గుట్టమీద పట్ట కప్పాడు.

"ఎందుకు కప్పినావన్నా?"

"గాలికి లేచిపోతాంటే సారూ."

గాలట! తర్వాత పిడికెడు బూడిద తీసి వాసన చూశాడు. ఇటుకలు పోసేవాడికి వాసనతో ఏం పని? మీరే చెప్పండి.

ఒక మధ్యాహ్నం కాలేజీ నుంచి వచ్చేసరికి నా గది తలుపు బార్లా తీసి ఉంది. లోపల ఓబులేసు, అతని చేతిలో నా సీసా.

"దొంగ! పట్టుకోండి!" అని అరిచాను. కూలీలంతా పరిగెత్తుకొచ్చారు.

"నేను దొంగనా? పైనుంచి ఏందో కారి నా పంచెకు బొక్కలు పడినాయి. యాడ కారుతాందో చూద్దామని ఇంకో తాళంచెవితో తీస్తి." పంచె ఎత్తి చూపించాడు. జల్లెడలా ఉంది. అయినా నేను నమ్మలేదు.

"నీకు చదువు చెప్పిన పెద్దసారు కడపలో ఉండాడంటివే! ఆయప్ప కాడికే పోదాం పా. ఇదేందో తేలిపోతాది" అన్నాడు.

బస్సులో ఒకే సీటు, మధ్యలో సీసా. కడప చేరేదాకా ఇద్దరం దాని మూతమీద చెయ్యి తియ్యలేదు. మా ప్రొఫెసర్ పొడిని పరీక్షించి, కళ్ళద్దాలు తీశారు.

"ఏ నీళ్ళు వాడావు?"

"బోరు నీళ్ళు సార్."

"తగలడ్డావు! ఇది లోహం కాదురా, ఆ నీళ్ళలోని సున్నం, కాల్షియం ఆక్సలేట్. మూత్రపిండాల్లో రాళ్ళు కట్టేది ఇదే."

ఓబులేసు నిదానంగా నావైపు తిరిగాడు.

"ఆ రాళ్ళు నా కడుపులోనే నాలుగుండాయి సారూ. శానా నొప్పి. అడిగింటే సంతోషంగా ఇస్తాంటి గదా! ఇంగ నీ సీసాలోవి నాకెందుకప్పా?"

ప్రొఫెసర్ కుర్చీలో పడి నవ్వారు. నేను మాత్రం కొత్త పంచె కొని, రెండు చేతులా ఓబులేసుకు సమర్పించి, ఘనంగా ప్రమాణం చేశాను: ప్రాణం పోయినా సరే, పొడిని పరీక్షించనిదే మనిషిని దొంగ అనను.