తెర వెనక హార్మోనియం

మా ఆయన నతానియేలు ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. మొహానికి రంగు పూసుకుంటే మాత్రం మహారాజు. రాజ్యం పోగొట్టుకున్న రాజుగా ఒక్కడే గంటసేపు స్టేజీ మీద ఏడ్చి, అరిచి, పద్యాలు పాడేవాడు. పక్కన హార్మోనియం మా అన్నయ్య బాలస్వామి. ఆదివారాలు చర్చిలో వాయించే మనిషి.

పద్యం రక్తి కడితే మావైపు జనం 'వన్స్ మోర్' అని కేకలేస్తారు. ఆ కేక కోసం మా ఆయన పడి చచ్చేవాడు. చిక్కేమిటంటే, పద్యం అయ్యాక మా అన్నయ్య వేళ్లు పరిగెత్తినప్పుడే కేకలు ఎక్కువ పడేవి. అన్నం ముందు కూర్చున్నా అదే గొడవ.

"పాడేది నేను, చెమటోడ్చేది నేను. చప్పట్లన్నీ మీ అన్నయ్య కొట్టుకుపోతున్నాడు!"

"ఆయన వాయించకపోతే మీరు పాడతారేంటి?" అన్నాను. కూరలో ఉప్పెక్కువైందని కంచం తోసేసి లేచిపోయాడు. ఉప్పు సరిగ్గానే ఉంది.

2002 ఎండాకాలం, మిరపకోతలు అయిపోయాక, ప్రత్తిపాడులో ఏకపాత్రల పోటీలు పెట్టారు. మేకప్ అవుతుండగా మా ఆయన అన్నాడు: "బావా, ఈసారి నువ్వు తెర వెనక కూర్చో. జనం చూపు చెదురుతోంది."

అన్నయ్య హార్మోనియం పెట్టె ఎత్తుకుని తెర వెనక్కి పోయాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

వాళ్లిద్దరి మధ్య ఒక గుర్తు ఉంది. డైలాగు ఎక్కడ ఆపుతాడో ఆటకో తీరు కాబట్టి, మా ఆయన కుడిచెయ్యి ఎత్తితేనే అన్నయ్య శ్రుతి అందిస్తాడు. తెర వెనకున్నవాడికి చెయ్యెలా కనిపిస్తుంది? కుళ్లుతో ఆ సంగతే మరిచిపోయాడు మహారాజు. చెయ్యెత్తాడు. హార్మోనియం పలకలేదు. దించి మళ్లీ ఎత్తాడు. జనంలో నవ్వులు. కంగారుపడి తనే పద్యం అందుకున్నాడు, మరీ పై శ్రుతిలో. చివరి పాదంలో గొంతు పగిలి ఆగిపోయింది.

అన్నయ్య తెర పక్కకు తోసి, పెట్టె ఈడ్చుకుంటూ ముందుకొచ్చాడు. పద్యం తెగినచోటే రాగం అందుకున్నాడు. దుఃఖం ఆపుకోలేక రాజుకి గొంతు పూడుకుపోయిందనే అనుకున్నారంతా. మా ఆయన పరువు దక్కింది. పందిరి దద్దరిల్లింది.

"వన్స్ మోర్! వన్స్ మోర్!"

మా ఆయన మొహం వెలిగిపోయింది. గొంతు సవరించుకుని ముందుకొచ్చాడు.

"నువ్వు కాదయ్యా, పెట్టె!" అని అరిచారు ముందు వరసలోంచి.

అన్నయ్య మళ్లీ వాయించాడు. మా ఆయన కిరీటంతో, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక పక్కన నిలబడ్డాడు. ఆడవాళ్లు కూర్చున్నవైపు చూశాడు, నా కోసం. నేను అందరికన్నా గట్టిగా చప్పట్లు కొడుతున్నాను.