నాలుగు సంచుల బల్ల

కొడకండ్ల నుంచి కోడలుగా వచ్చిన ఇరవై మూడేళ్లకు, వనమాలకు జనగామలో వీధివైపు కిటికీ ఉన్న ఇల్లు దొరికింది. అది 1974 ఎండాకాలం. ఇల్లు చిన్నది: రెండు గదులు, ఒక వంటిల్లు, వీధివైపు రేకుల పందిరి. ముందుగది పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు. అన్నేళ్లూ ఆమె కాపురం దుకాణం వెనక భాగంలోనే. అక్కడ కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. ఆ గోడ మీద ఏ వానకు ఏ మచ్చ పడిందో ఆమె వరసగా చెప్పగలదు. అరవై తొమ్మిదిలో బజారంతా ఊరేగింపులతో ఊగిపోతే, ఆ తెలంగాణ ఉద్యమాన్ని ఆమె చెవులతోనే చూసింది. ఇల్లాలిని దేవత అని పొగిడేవాళ్లకు మన దగ్గర కరువు లేదు. దేవతకు మూలగది తప్ప వీధిగది ఇచ్చిన ఇల్లు మాత్రం నేను చూడలేదు.

వనమాలకు కావలసింది ఒకటే. కొత్త ఇంటి కిటికీ దగ్గర ఒక కుర్చీ, తనది. అందులో కూర్చుని బజారు చూడాలి.

ఆమె భర్త వెంకటనర్సయ్యకూ ఆ కిటికీయే కావాలి. ఆయన పప్పులు, మిర్చి టోకున కొని అమ్మే మనిషి. నలుగురు బేరగాళ్లు కాళ్లు మడుచుకుని కూర్చునే పెద్ద బల్ల ఒకటి గాలి తగిలేచోట వేయించాలని ఆయన పట్టు.

గది సర్దే పని వనమాల తనకు తెలిసిన పద్ధతిలో మొదలుపెట్టింది. మార్కెట్ వీధిలో కొలత అంటే సంచి. ఎవరి కొట్టు ఎంత పెద్దదని అడిగితే అడుగుల్లో చెప్పరు, ఎన్ని సంచులు పడతాయో చెబుతారు. కనుక ఆమె ఖాళీ పెసర్ల సంచులు తెప్పించి నేల మీద పరిచింది. గోడవారగా రెండు సంచులు బీరువా. మూలన మడిచిపెట్టింది రేడియో. పొడుగునా రెండు, అడ్డంగా రెండు, మొత్తం నాలుగు సంచులు మొగుడి బల్ల. కిటికీ కింద సగానికి మడిచిన సంచి తన కుర్చీ.

గోడల సున్నం ఆరేదాకా నెల రోజులు ఆ కుటుంబం రాత్రుళ్లు పాత ఇంట్లో పడుకుని, పగలు ఇక్కడ ఇంకా రాని సామాను మధ్య తిరిగింది. పక్కింటి శారద చూడవచ్చి గోడకు ఆనుకుని కూలబడింది.

"శారదా, లేవ్ లేవ్! బీరువల కూసున్నవ్," అంది వనమాల.

"అయ్యో, ముందుగాల చెప్పద్దా అక్కా! తలుపన్న తియ్యకపోతివి," అని శారద లేచి పక్కకు జరిగింది. "మరి గిదేంది?"

"రేడియో."

"జర సప్పుడు తగ్గియ్యి, చెవులు పోతున్నయ్!"

వెంకటనర్సయ్య ఈ వేషాలకు నవ్వేవాడు కాని, తనూ వట్టి సంచిని తొక్కకుండా చుట్టూ తిరిగే వెళ్లేవాడు. ఆయన తల్లి కౌసల్య ఒక మధ్యాహ్నం రేడియో మీద తలపెట్టుకుని హాయిగా నిద్రపోయింది.

అసలు పోరు కిటికీ దగ్గర. పొద్దున ఆయన దుకాణానికి పోగానే వనమాల నాలుగు సంచులనూ లోపలి గోడకు జరిపేది. సాయంత్రం ఆయన చెప్పులు విడుస్తూనే వాటిని మళ్లీ కిటికీ కిందికి ఈడ్చేవాడు.

"నీ కుర్చి వంటింట్ల పడ్తది తియ్యి," అన్నాడొకరోజు.

"వంటింట్ల కూసుంటె ఏం కనవడ్తది? పొయ్యి! మీ బేరగాండ్లు లోపట కూసుంటె బేరం కుదరదా?"

"గాలి కావాలె గదనే."

"నాకద్దా గాలి?"

కౌసల్య మధ్యలో దూరింది. "ఈశాన్యం దిక్కు ఆడిది కూసోవద్దు. శాస్త్రం."

అది ఏ శాస్త్రమో ఆమెకు తెలియదు. ఈ సంగతి శాస్త్రానికీ తెలియదు.

గృహప్రవేశం పదిరోజులుందనగా వెంకటనర్సయ్య తేల్చేశాడు. వడ్రంగి ఓదెలును పిలిపించి, "బల్ల కిటికి కాడనే ఏస్తం. నాలుగు సంచులంత చెయ్యి. పొడుగు రెండు, అడ్డం రెండు. దుకాన్ల సంచి ఉన్నది, కొలుసుకో పో," అన్నాడు. వనమాల తన సగం సంచిని దులిపి, మడిచి, చంకలో పెట్టుకుని పాత ఇంటికి నడిచింది.

ఓదెలు దుకాణానికి వెళ్లాడు. అది మిర్చి కాలం. చేతికి అందింది మిర్చి సంచి. మిర్చి తేలిక సరుకు, జాగా ఎక్కువ తింటుంది. దాని సంచి పెసర్ల సంచికంటే మూరెడు పొడవు, అరమూర వెడల్పు. బయటి ఊరివాడైతే ఏ సంచి అని అడిగేవాడు. ఆ వీధిలో పెరిగినవాడు అడగడు. ఏ కాలానికి ఏ సరుకో, ఆ కాలానికి అదే సంచి. ఇంట్లో పరిచినవి పోయిన పంట సంచులని వెంకటనర్సయ్యకు తట్టలేదు. ఓదెలుకు తెలిసే దారి లేదు.

గృహప్రవేశం నాడు బల్ల ఎడ్లబండి మీద వచ్చింది. సగం బండి మీద, సగం గాలిలో. ఆరుగురు హమాలీలు దించి గుమ్మంలో అడ్డంగా పెట్టి చూశారు, నిలబెట్టి చూశారు, పక్కకు తిప్పి చూశారు. పట్టలేదు.

"సేటూ, గిది బల్లనా, బజారా?" అన్నాడొక హమాలీ.

"నాలుగు సంచులే సేటూ! పరిచి చూపిస్త," అని ఓదెలు తను కొలిచిన సంచులు తెచ్చి బల్ల మీద విదిలించి పరిచాడు. అంచుకు అంచు సరిపోయింది. వెంకటనర్సయ్య ఏదో అనబోయాడు కాని, మిర్చి ఘాటుకు తుమ్ములు అందుకున్నాయి. తర్వాత ఓదెలుకు, తర్వాత పురోహితుడికి. ఒక మంత్రం రెండు తుమ్ముల మధ్య తెగిపోయింది. శారద కొంగు నోట్లో కుక్కుకుని గోడ పట్టుకుంది.

"ఇంకోటి చేపిస్త. చిన్నది," అన్నాడు వెంకటనర్సయ్య, కళ్లు తుడుచుకుంటూ.

వనమాల ఒక్క ఉదుటున ముందుకొచ్చింది. "ఇంకోటెందుకు? గింత బల్ల జనగామల ఎవలకున్నది? ముందట రేకుల కిందనే ఉండనియ్యుండ్రి. నల్గురు కాదు, పదిమంది కూసుంటరు. గాలి వద్దన్నా వస్తది."

ఆమె అంటుండగానే పదిమంది ఎక్కి కూర్చున్నారు, ఇంకా చోటుంది. వెంకటనర్సయ్య నడుమకు ఎక్కి, మఠం వేసుకుని, బజారు ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు. ఇంకో బల్ల మాట మళ్లీ ఎత్తలేదు.

వనమాల పూజకు అద్దెకు తెచ్చిన ఇనుప కుర్చీ ఒకటి లాక్కొచ్చి కిటికీ కింద వేసి కూర్చుంది.

"ఓసి, ఆడిది కిటికిల కూసుంటె బజారోల్లు ఏమంటరే?" అంది కౌసల్య.

"బజారోల్లంత మన బల్ల మీదనే ఉన్నరత్తమ్మా. అడుగుదమా?"

బయటినుంచి వెంకటనర్సయ్య కేక వేశాడు. "పదకొండు చాయ్‌లు!"

వనమాల సగం లేచింది. మళ్లీ కూర్చుంది. "నేను కూసున్న," అంది కిటికీలోంచి, పదకొండుమందికీ వినబడేట్టు. బల్ల మీది తలలన్నీ కిటికీవైపు తిరిగాయి.

కౌసల్య గొణుక్కుంటూ వంటింటి గడప దాకా పోయి వెనక్కి తిరిగింది. "చాయ్ నేను పెడ్తగని, గా సైకిల్ మీద పొయ్యేదెవలో జర చూసి చెప్పే."

"దవాఖాన కంపౌండరత్తమ్మా. ముంగట బుట్టల కోడి కూసున్నది. ఆగుండ్రి, ఎనక ఇంకెవలో ఉరుకుతున్నరు!"